డాలరు సట్టాలో మొగ్గు ఎవరిది? బియ్యం వర్తకులకు ఒక లెక్క

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వర్తకులకు ధాన్యం ధారణ ఎంత అవసరమో, బియ్యం ఎగుమతి చేసేవారికి డాలరు ధారణ అంత అవసరం. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద పండిన ధాన్యం మిర్యాలగూడ, కోదాడ ప్రాంతపు మిల్లులలో బియ్యంగా మారుతున్నది. ఈ బియ్యం విదేశాలకు పోవలసి వస్తే అందుబాటులో ఉన్న రేవు కాకినాడ. 2025 మార్చి ఆఖరున తెలంగాణ ప్రభుత్వమే 12,500 టన్నుల బియ్యాన్ని ఆ రేవు నుంచి ఫిలిప్పీన్స్‌కు ఓడలో పంపించినది. విదేశానికి అమ్మిన సరుకుకు ఖరీదు డాలర్లలో కుదురుతుంది. రైతుకు, హమాలీకి, కరెంటు బిల్లుకు చెల్లింపు రూపాయలలో జరుగుతుంది. ఈ రెండింటి నడుమ డాలరు ధర ఒక్క రూపాయి మారినా మిల్లరు నికర లాభం తారుమారు కాగలదు.

అయితే డాలరు ధరను గమనించడం ఒకటి, డాలరుపై సట్టా ఆడడం మరొకటి. పొద్దున కొని మధ్యాహ్నానికి అమ్మి పైసలలో తేడా సంపాదించే ప్రయత్నాన్ని స్వల్పకాలిక మారక వ్యాపారం అంటారు. సీజనంతా మిల్లు తిప్పినా రాని లాభం నాలుగు రోజుల డాలరు బేరంలో వస్తుందన్న ప్రచారం సెల్‌ఫోన్ల ద్వారా బజారు దాకా వచ్చినది. ఇట్టి వ్యాపారంలో నిలకడగా లాభం తీయగల అనుకూలత ఏదైనా ఉన్నదా, ఉంటే ఎవరికి ఉన్నది, దానిని ఏ లెక్కతో కనిపెట్టవచ్చును అన్నది ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

మొగ్గు అంటే ఏమిటి?

తక్కెడలో ఒక తట్ట కొద్దిగా కిందికి వాలితే అటు మొగ్గు ఉన్నదంటారు. వ్యాపారంలోని అనుకూలతకు కూడా ఈ మాట సరిపోతుంది. మొగ్గు ఉన్నవాడు ప్రతి బేరంలోనూ గెలవడు. వంద బేరాలు చేసి పద్దు కట్టినప్పుడు ఖర్చులు పోను ఎంతో కొంత మిగుల్చుకుంటాడు.

ధాన్యంలో మొగ్గు ఎట్లా పుడుతుందో ఈ మూడు ఊళ్ళ వర్తకులకు చెప్పనక్కరలేదు. ప్రభుత్వానికి మరపట్టి ఇచ్చే బియ్యం లెక్కలో క్వింటాలు ధాన్యానికి పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు ఇవ్వవలసి ఉన్నది. గింజను అరచేతిలో నలిపి చూసి, ఏ రాశి నూక తక్కువై నిండు బియ్యం ఎక్కువ ఇస్తుందో పోల్చగల కొనుగోలుదారు, పోల్చలేనివానికంటె క్వింటాలుకు ఒక కిలో అదనంగా రాబట్టగలడు. కిలో 40 రూపాయలనుకుంటే క్వింటాలుకు 40 రూపాయల మొగ్గు అతనిది. తేమ 17 శాతం దాటిన సరుకుకు ఎంత తరుగు పోతుందో తెలిసినవానికీ ఇట్టి మొగ్గే ఉన్నది.

ఈ మొగ్గుకు మూడు లక్షణాలు ఉన్నవి. ఒకటి, దానికి చెప్పగల కారణం ఉన్నది. రెండు, అది ఒక్క రోజుతో పోక సీజను తరువాత సీజను కనిపిస్తున్నది. మూడు, కమీషను, హమాలీ, రవాణా, వడ్డీ పోను ఇంకా మిగులుతున్నది. డాలరు బేరంలో మొగ్గు ఉన్నదని చెప్పేవారిని కూడా ఈ మూడు ప్రశ్నలే అడగవలసి ఉన్నది.

డాలరు బజారు తీరు

ఒకప్పుడు డాలరు ధర ప్రభుత్వం నిర్ణయించినట్లు ఉండేది. 1966 జూన్ 6న రూపాయి విలువ తగ్గించినప్పుడు 4 రూపాయల 76 పైసలున్న డాలరు ఏడున్నర రూపాయలైనది. 1991 జూలైలో రెండు విడతలుగా మరల విలువ తగ్గించారు. 1993 మార్చి నుంచి మారకం ధరను బజారుకు వదిలినారు. ధర రోజూ మారడం మొదలైన తరువాతనే స్వల్పకాలిక బేరానికి అవకాశం ఏర్పడినది. 2008 ఆగస్టు 29న నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిలో డాలరు వాయిదా బేరాలు, అనగా ఫ్యూచర్స్, ప్రారంభమైనవి.

ఈ వాయిదా బేరంలో ఒక లాటు 1,000 డాలర్లు. ధర కనీసం పావు పైస చొప్పున కదులుతుంది. డాలరు ఒక పైస మారితే లాటుకు 10 రూపాయల లాభం లేదా నష్టం. బేరాలు ఉదయం 9 గంటలకు మొదలై సాయంత్రం 5 గంటలకు ముగుస్తవి. గడువు తీరినప్పుడు సరుకు చేతులు మారదు. ప్రకటిత రిఫరెన్సు ధర ప్రకారం తేడా మొత్తాన్ని రూపాయలలో చెల్లించుకుంటారు.

ఇక ఎదుటి పక్షం సంగతి. ప్రపంచ కేంద్ర బ్యాంకుల సంస్థ అయిన అంతర్జాతీయ సెటిల్‌మెంట్ల బ్యాంకు 2025 ఏప్రిల్ లెక్కల ప్రకారం ప్రపంచమంతటా రోజుకు సగటున 9.6 లక్షల కోట్ల డాలర్ల మారక లావాదేవీలు జరిగినవి. ఇందులో పెద్ద పాత్ర బ్యాంకులది, విదేశీ సంస్థలది. మన బజారులో చమురు కంపెనీలు, ఎగుమతిదారులు, దిగుమతిదారులు, వీరందరిపైన రిజర్వు బ్యాంకు ఉన్నవి. సూర్యాపేట యార్డులో వేలం పాడేవాడు తన ఎదుట ఎవరు పాడుతున్నారో చూడగలడు. డాలరు బజారులో ఎదుటివాడు ఎవరో, ఎందుకు అమ్ముతున్నాడో తెలియదు.

ముందు ఖర్చు లెక్క

స్వల్పకాలిక బేరంలో మొదటి శత్రువు ఖర్చు. బ్రోకరేజి, దానిపై జి.ఎస్.టి., ఎక్స్ఛేంజి రుసుము, స్టాంపు సుంకము, వీటికి తోడు కొనేధరకూ అమ్మేధరకూ ఉండే తేడా, అన్నీ కలిపి కొని అమ్మడానికి లాటుకు 30 రూపాయలు అవుతుందనుకుందాం. అనగా డాలరుకు 3 పైసలు. చూడడానికి ఇది స్వల్పం.

ఒక వర్తకుడు 10 పైసలు లాభం వస్తే అమ్మివేయాలని, 10 పైసలు నష్టం వస్తే తప్పుకోవాలని నియమం పెట్టుకున్నాడనుకుందాం. గెలిచినప్పుడు ఖర్చు పోను అతనికి మిగిలేది 7 పైసలు. ఓడినప్పుడు ఖర్చుతో కలిపి పోయేది 13 పైసలు. కేవలం అసలు దక్కించుకోవడానికే నూటికి 65 బేరాలు గెలవాలి. నాణెం ఎగురవేసినట్లు నూటికి 50 గెలిస్తే, పది లాట్లతో వంద బేరాలు చేసేసరికి 30,000 రూపాయలు ఖర్చుల కిందనే పోతవి. అతడు తప్పు అంచనా వేయలేదు, సరియైన అంచనా వేయలేదు, అయినా సొమ్ము పోయినది.

అదే వర్తకుడు 40 పైసల లాభం, 40 పైసల నష్టం అని పెట్టుకుంటే గెలుపుకు 37 పైసలు, ఓటమికి 43 పైసలు. ఇప్పుడు నూటికి సుమారు 54 గెలిస్తే చాలు. దీనిని బట్టి తేలేది ఏమనగా, బేరం కాలం తగ్గినకొద్దీ, ఆశించే తేడా చిన్నదైనకొద్దీ, కావలసిన మొగ్గు పెద్దదవుతుంది. రోజుకు పది బేరాలు చేయమని ప్రోత్సహించే దళారీకి ప్రతి బేరంపైనా బ్రోకరేజి ముడుతుంది. ఆ మొగ్గు నిస్సందేహంగా అతనిదే.

ఇరవై బేరాల గెలుపు

"మా పద్ధతితో ఇరవై బేరాలలో పదమూడు గెలిచాము" అని చూపించేవారు ఉంటారు. నూటికి 65 అన్నమాట. ఈ గెలుపుకు ఎంత విలువ ఇవ్వాలి?

ఏ పద్ధతీ లేకుండా నాణెం ఎగురవేసి బేరాలు చేసే వంద మందిని తీసుకుందాం. ఇరవై బేరాలు ముగిసేసరికి వారిలో సుమారు 13 మందికి పదమూడో అంతకన్న ఎక్కువో గెలుపులు కేవలం అదృష్టం కొద్దీ వస్తవి. ఈ 13 మంది తమకు విద్య పట్టుబడినదని నమ్ముతారు, ఇతరులకు బోధిస్తారు. మిగతా 87 మంది మాట్లాడరు. బజారులో మనకు వినిపించేది ఆ 13 మంది గొంతు మాత్రమే.

అదే 200 బేరాలలో 130 గెలుపులైతే సంగతి వేరు. లాభనష్టాల పరిమాణాలు సమానమైన పక్షంలో అట్టి ఫలితం అదృష్టం వల్ల రావడం లక్ష మందిలో ఒకరికో ఇద్దరికో మాత్రమే జరుగుతుంది. కనుక ఏ పద్ధతినైనా ఇరవై బేరాలతో తూచరాదు. ఒక్క సీజను చూసి కొత్త వరి వంగడం మంచిదని ఏ మిల్లరూ నిర్ణయించడు గదా.

తొమ్మిది గెలుపులు, ఒక ఓటమి

గెలుపుల సంఖ్య ఒక్కటే చూస్తే మరొక పొరపాటు జరుగుతుంది. పది బేరాలలో తొమ్మిదిసార్లు 5 పైసల చొప్పున లాభం, ఒక్కసారి 60 పైసల నష్టం వచ్చినదనుకుందాం. నూటికి 90 గెలుపులు. పద్దు చూస్తే 45 పైసల లాభానికి 60 పైసల నష్టం. పది బేరాల ఖర్చు 30 పైసలు కలిపితే నికర నష్టం 45 పైసలు. లాభం రాగానే అమ్ముకొని, నష్టం వస్తే "మళ్ళీ వస్తుందిలే" అని పట్టుకొని కూర్చునేవారి పద్దు సాధారణంగా ఇట్లాగే ఉంటుంది.

పెద్ద ఓటమి అరుదైనది కావచ్చును గాని అసాధ్యం కాదు. 2013 ఆగస్టు 28న ఒక్క రోజులోనే డాలరు ధర రెండున్నర రూపాయలకు పైగా పెరిగి 68 రూపాయల 80 పైసల ప్రాంతంలో ముగిసినది. డాలరు 85 రూపాయలు, మార్జిను 3 శాతం అనుకుంటే లాటుకు కట్టేది 2,550 రూపాయలు. అట్టి రోజు ఒకటి ఎదురైతే డాలరు అమ్మి కూర్చున్నవాని మార్జిను మొత్తం పూటలో హరించుకుపోతుంది. స్వల్ప మార్జినుతో పెద్ద బేరం చేయవచ్చునన్న సౌకర్యంలోనే ప్రమాదం కూడా ఉన్నది.

నష్టానికి హద్దు పెట్టుకుంటే సరిపోతుందని కొందరంటారు. అమెరికా ఉద్యోగాల గణాంకాలు సాధారణంగా నెల మొదటి శుక్రవారం మన గడియారం ప్రకారం సాయంత్రం 6 లేదా 7 గంటలకు వెలువడుతవి. మన వాయిదా బజారు 5 గంటలకే మూసివేస్తారు. సోమవారం తెరిచినప్పుడు ధర ఆ హద్దును దాటి మొదలైతే, దొరికిన ధరకే తప్పుకోవలసి వస్తుంది.

ఇంకొక లెక్క కూడా గుర్తుంచుకోదగినది. పెట్టుబడిలో సగం పోతే, మిగిలిన సగంపై నూటికి నూరు లాభం వస్తేనే అసలు చేతికి వస్తుంది.

మొగ్గు ఎవరికి ఉన్నది?

డాలరు బజారులో మొగ్గు అసలే లేదనడం సరికాదు. బ్యాంకు డీలరు కొనేధర, అమ్మేధర రెండూ తానే చెబుతాడు. ఆ తేడాయే అతని రాబడి. ఖాతాదారుల ఆర్డర్లు అతని వద్దకే వస్తవి కనుక ఏ వైపు ఒత్తిడి ఉన్నదో ముందుగా పసికట్టగలడు. సింగపూరు, లండన్ వంటి చోట్ల రూపాయిపై జరిగే బేరాల ధరకూ ముంబయి ధరకూ తేడా వచ్చినప్పుడు, రెండు చోట్లా ప్రవేశం ఉన్న సంస్థ ఆ తేడాను అందుకుంటుంది. 2020 జూన్ 1 నుంచి మన బ్యాంకులకు కూడా ఆ బయటి బజారులో పాల్గొనే అనుమతి లభించినది.

మరొక రకం మొగ్గు, ఎదుటివాడు నిర్బంధంలో ఉన్నాడని తెలియడం. 1992 సెప్టెంబరు 16న బ్రిటన్ తన పౌండు ధరను నిలబెట్టలేక యూరపు మారక విధానం నుంచి తప్పుకున్నది. జార్జి సోరోస్ సంస్థ పౌండ్లు అమ్మి సుమారు వంద కోట్ల డాలర్లు గడించినది. ఆయన గీతలు, బొమ్మలు చూసి ఆ బేరం చేయలేదు. బ్రిటన్‌లో వడ్డీలు పెంచితే ఇళ్ళ అప్పులవారు కుంగిపోతారు, పెంచకపోతే పౌండు నిలవదు అన్న ఇరకాటం ఆయనకు తెలుసు.

ఈ అనుకూలతలలో ఏ ఒక్కటైనా కోదాడలో కూర్చున్న వర్తకునికి ఉన్నదా? లేదు. పైగా ధర మరీ ఎగుడుదిగుడులైనప్పుడు రిజర్వు బ్యాంకు డాలర్లు అమ్మో కొనో జోక్యం చేసుకుంటుంది. ఏ పూట ఏ ధర వద్ద జోక్యం చేసుకునేదీ ముందుగా చెప్పదు.

ఫలితాలు కూడా ఈ సంగతినే చెబుతున్నవి. విదేశ మారకంతో సహా ధరల తేడాపై జరిగే రిటైల్ బేరాలలో 74 నుంచి 89 శాతం ఖాతాలు నష్టపోతున్నవని యూరపు సెక్యూరిటీల నియంత్రణ సంస్థ 2018లో ప్రకటించినది. మన సెబీ 2024 సెప్టెంబరులో వెలువరించిన అధ్యయనం మారకానిది కాదు, షేర్ల వాయిదా బేరాలది. అయినా అందులో మూడేళ్ళ కాలంలో నూటికి 93 మంది వ్యక్తిగత వ్యాపారులు నష్టపోయినట్లు, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటినట్లు తేలినది.

చట్టం ఏమంటున్నది?

లెక్క ఎట్లా ఉన్నా చట్టం సంగతి వర్తకులు ముందే తెలుసుకోవడం అవసరం. రూపాయితో ముడిపడిన వాయిదా బేరాలు అసలైన విదేశ మారకపు అవసరం ఉన్నవారి కోసమేనని రిజర్వు బ్యాంకు 2024 జనవరి 5న స్పష్టం చేసినది. ఈ ఉత్తర్వు 2024 మే 3 నుంచి అమలులోకి వచ్చినది. 10 కోట్ల డాలర్ల వరకు పత్రాలు ముందుగా చూపనక్కరలేదు గాని, బేరానికి వెనుక ఎగుమతి, దిగుమతి వంటి నిజమైన ఒప్పందం ఉండి తీరాలి. అట్టిది లేకుండా కేవలం సట్టాకు దిగినవారికి ఆ దారి మూసుకుపోయినది.

ఇక సెల్‌ఫోనులో కనిపించే విదేశీ యాప్‌ల సంగతి. అనుమతి లేని వేదికలపై మారక బేరాలు చేయడం 1999 నాటి విదేశ మారక నిర్వహణ చట్టం ప్రకారం చర్యకు గురిచేస్తుంది. అనుమతి లేని వేదికల పేర్లతో రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో హెచ్చరిక జాబితా ప్రకటించినది. జాబితాలో పేరు లేనంత మాత్రాన ఆ యాప్‌కు అనుమతి ఉన్నట్లు కాదు. విదేశీ ఎక్స్ఛేంజిలకు మార్జిను సొమ్ము పంపడం కూడా నిషిద్ధమే. లాభం వచ్చినా చేతికి తెచ్చుకోవడం కష్టం, నష్టం వస్తే మొరపెట్టుకునే చోటు ఉండదు.

మిల్లరు మొగ్గు ఎక్కడ?

బియ్యం ఎగుమతిదారుకు డాలరులో మొగ్గు లేకపోలేదు. అయితే అది ధర ఊహించడంలో లేదు.

మిర్యాలగూడ మిల్లరు ఒకరు టన్ను 400 డాలర్ల చొప్పున 500 టన్నులకు ఒప్పందం చేసుకున్నారనుకుందాం. రావలసినది రెండు లక్షల డాలర్లు, క్వింటాలుకు 40 డాలర్లు. డాలరు 85 రూపాయలని లెక్కగట్టి ధాన్యం కొన్నారు. క్వింటాలుకు మిగులు 60 రూపాయలు. సొమ్ము చేతికి వచ్చేనాటికి డాలరు 84 అయితే క్వింటాలుకు 40 రూపాయలు తగ్గి, మిగులు 20 రూపాయలకు పడిపోతుంది. రెండు లక్షల రూపాయలు పోయినట్లు. ధాన్యంలో గింజ గింజ చూసి సంపాదించిన మొగ్గు ఇట్లా డాలరు పాలవుతుంది.

దీనికి విరుగుడు బ్యాంకులో డాలర్లను ముందుగానే అమ్ముకోవడం. దీనినే ఫార్వర్డ్ అంటారు. ఎక్స్ఛేంజిలో వాయిదా అమ్మకం కూడా ఇటువంటిదే. మన దేశంలో వడ్డీ అమెరికాకంటె ఎక్కువగా ఉన్నప్పుడు ముందస్తు డాలరు ధర హాజరు ధరకంటె ఎక్కువగా ఉంటుంది. ఈ అదనం సంవత్సరానికి 2 శాతమనుకుంటే నెలకు సుమారు 14 పైసలు, మూడు నెలలకు 42 పైసలు. రెండు లక్షల డాలర్లపై 84,000 రూపాయలు. అమ్మే ఎగుమతిదారుకు ఇది దక్కుతుంది. వాయిదా కొని డాలరు పెరుగుతుందని ఎదురుచూసే సట్టాదారు ఇదే మొత్తాన్ని చెల్లించుకుంటాడు. డాలరు నిలకడగా ఉన్నా అతనికి నష్టమే.

రెండవ మొగ్గు బ్యాంకు తీసుకునే మార్జినులో ఉన్నది. డాలర్లు రూపాయలుగా మార్చేటప్పుడు బ్యాంకు బజారు ధరకంటె 20 పైసలు తగ్గించి ఇస్తున్నదనుకుందాం. బేరమాడి దానిని 5 పైసలకు దింపితే రెండు లక్షల డాలర్లపై 30,000 రూపాయలు మిగులుతుంది. చిన్న ఖాతాదారులకు కూడా బజారు ధర దక్కడానికి క్లియరింగ్ కార్పొరేషన్ సంస్థ 2019 ఆగస్టు 5న ఎఫ్.ఎక్స్. రిటైల్ అనే వేదికను ప్రారంభించినది. ఖాతా ఉన్న బ్యాంకు ద్వారా ఇందులో నమోదు కావచ్చును. బ్యాంకు తన రుసుము ఎంతో విడిగా ముందే చెప్పవలసి ఉంటుంది. ఈ 15 పైసల లాభానికి జోస్యం అక్కరలేదు. ఇందుకు కారణం చెప్పగలము, ప్రతి ఎగుమతికీ ఇది మరల వస్తుంది, ఖర్చు పోను మిగులుతుంది. మనం మొదట చెప్పుకున్న మూడు లక్షణాలూ దీనికి ఉన్నవి.

రక్షణ సట్టాగా మారే ప్రమాదం

ముందస్తు అమ్మకంలో కూడా ఒక జాగ్రత్త ఉన్నది. 2023 జూలై 20న కేంద్ర ప్రభుత్వం బాసుమతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించినది. ఉప్పుడు బియ్యంపై ఆగస్టు 25న 20 శాతం సుంకం విధించినది. యాసంగి ధాన్యంలో నూక ఎక్కువై ఉప్పుడు బియ్యానికే అనువుగా ఉండే మన ప్రాంతానికి ఇది కూడా భారమే. తెల్ల బియ్యంపై నిషేధాన్ని 2024 సెప్టెంబరు 28న తొలగించారు. ఉప్పుడు బియ్యంపై సుంకాన్ని ముందు 10 శాతానికి తగ్గించి, అక్టోబరు 22న పూర్తిగా ఎత్తివేశారు.

ఇట్టి నిషేధం వచ్చినప్పుడు ఓడ కదలదు, డాలర్లు రావు. కాని ముందుగా అమ్మిన డాలర్ల ఒప్పందం అట్లాగే ఉంటుంది. దానిని రద్దు చేసుకునేనాటికి డాలరు పెరిగి ఉంటే తేడా వర్తకుడే కట్టుకోవాలి. కనుక ఖాయమైన ఒప్పందానికి మించి, రాబోయే ఆర్డరును ఊహించి డాలర్లు అమ్మరాదు. ఒప్పందం ఉన్నా సరుకు, అనుమతి రెండూ నిశ్చయమయ్యేవరకు సగం మాత్రమే అమ్ముకోవడం కొంత క్షేమం. అమ్మిన తరువాత డాలరు 87కు పోయినదే అని విచారించడం కూడా తగదు. ఆ మిల్లరు కొనుక్కున్నది నిశ్చింత. ఒప్పుకున్న ధరకు తన 60 రూపాయలు తనకు దక్కినవి.

పద్ధతిని పరీక్షించదలచినవారికి

ఖాయమైన డాలర్లు చేతిలో ఉండి, ఏ రోజు అమ్మితే మేలు అని ఆలోచించే ఎగుమతిదారులు తమ పద్ధతిని ముందు కాగితంపై పరీక్షించుకోవాలి. కొనే, అమ్మే నియమాన్ని బేరానికి ముందే వ్రాసి ఉంచాలి. పాత ధరల పట్టికను రెండు భాగాలు చేసి, మొదటి భాగం చూసి కుదుర్చుకున్న నియమాన్ని రెండవ భాగంపై మార్చకుండా ప్రయోగించి చూడాలి. ఇరవై నియమాలు ప్రయత్నిస్తే అందులో ఒకటి అదృష్టవశాన మంచిదిగా కనిపిస్తుందన్నది మరువరాదు. కనీసం రెండు వందల బేరాల పద్దు ఉండాలి. ప్రతి దానిలోనూ ఖర్చు తీసివేయాలి. అతి పెద్ద నష్టం ఎంతో వేరుగా వ్రాయాలి. చివరకు మిగిలిన మొత్తాన్ని, ఏ ఊహా లేకుండా ఒప్పందం రోజునే అమ్మివేస్తే వచ్చే మొత్తంతో పోల్చాలి. రెండవదే ఎక్కువైతే ఆ పద్ధతిని అంతటితో విడిచిపెట్టడం మంచిది.

బ్యాంకు నుంచి సరుకు నిల్వపై తెచ్చిన అప్పును మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఇట్టి బేరాలకు మళ్ళించరాదు. అది నిజానికి రైతుకు చేరవలసిన సొమ్ము. కోతల రోజులలో యార్డుకు ధాన్యం ఒక్కసారిగా వచ్చిపడుతుంది. అప్పుడు చేతిలో రొక్కం ఉన్న మిల్లరుకు మంచి రాశులు దొరుకుతవి. లేనివాడు అరువు మాట చెప్పి, మిగిలిన సరుకు కొనవలసి వస్తుంది. డాలరులో పోయిన లక్ష రూపాయలు ఆ పూట ధాన్యంలో మరొక లక్ష నష్టం తెచ్చిపెట్టవచ్చును.

కనుక ఎగుమతి వర్తకులు ఒక పుస్తకంలో ప్రతి ఒప్పందానికీ నాలుగు అంకెలు వ్రాసుకోవడం శ్రేయస్కరం. రావలసిన డాలర్లు ఎన్ని, ఏ తేదీకి, ధాన్యం కొన్ననాడు లెక్కగట్టిన డాలరు ధర ఎంత, బ్యాంకు చివరకు ఇచ్చిన ధర ఎంత. ఒక ఏడాది పద్దు చేతిలో ఉంటే బ్యాంకు మేనేజరు వద్ద మార్జిను తగ్గించమని అడగడానికి అదే ఆధారం అవుతుంది.